చాటెడు తవుడుకు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బస్సులో ఆడవాళ్లకు ముందు సీట్లు, మగవాళ్లకు వెనక సీట్లు. పెండ్లయి ఇంకా నాలుగు నెలలైనా కాని మాకు అది ఘోరమైన అన్యాయంగా తోచింది. ఆయన వెనక నుంచి వేయించిన పల్లీల పొట్లం పంపారు. నేను సగం తిని సగం వెనక్కి పంపాను. మా ఇద్దరి మధ్యా కూర్చుని పొట్లం అటూ ఇటూ అందిస్తున్న ముసలాయన కాసేపటికి విసుక్కున్నాడు.

"తల్లీ, నువ్వన్న ఎన్కకు పో, ఆ పిలగాన్నన్న ముందుకు రమ్మను. నా రెక్క గుంజుతున్నది."

బస్సంతా నవ్వింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి చూశాను. రోడ్డు పక్క గుట్టల మీద సీతాఫలాలు పండడానికి కండ్లు తెరిచి ఉన్నాయి. దసరా సెలవులు, వేళ్ల మీద పల్లీల ఉప్పు, పక్కన కాకపోయినా అదే బస్సులో ఆయన. మేం పోతున్న పని సంతోషమైంది కాదని నాకు తెలుసు. అయినా ఆ గంటన్నరా నా మనసు మాట వినలేదు.

ఎల్లారెడ్డిలో ఆయన అక్క దేవవ్వ ఉంది. "పిల్ల మంచిగ లేదు, ఒక్కపారి వచ్చిపోండ్రి" అని బస్సు డ్రైవరుతో కబురు చేసింది. దేవవ్వ వదినెకు నలుగురు పుట్టి నలుగురూ పోయారు. ఒక్కరికీ నడక రాలేదు. అయిదోది బతికింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మా పెండ్లిలో అందరూ ఆ పిల్లను తవుటీ, తవుటీ అని పిలుస్తుంటే ముద్దుపేరు అనుకున్నాను. నేను ఇంటరు చదివానని ఎవరో చెబితే వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇంగ్రేజీల తేలును ఏమంటరు?" అని అడిగింది. చెప్పాను. ఆ సాయంత్రమంతా కునుకు తీస్తున్న చుట్టాల చెవుల్లో "స్కార్పియన్!" అని అరిచి వాళ్లను లేపింది. అలాంటి పిల్లకు జబ్బేమిటో నా ఊహకు అందలేదు.

వదినె గడపలోనే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"వచ్చిండ్రా తమ్మీ. నీళ్లు తొట్టిల ఉన్నయి, కాళ్లు కడుక్కోండ్రి. నాకు లేవబుద్ది అయితలేదు."

పెండ్లిలో కట్నాల దగ్గరా కూరల దగ్గరా ఒక్కతే పదిమంది పని చేసిన మనిషి. ఇప్పుడు మొహం ఉతికి ఉతికి రంగు పోయిన బట్టలా ఉంది.

"తవుటి ఏది వదినె?" అన్నాను.

ఆమె నా నోటి మీద చెయ్యి పెట్టినంత పని చేసింది. "ఆ పేరు అనకు. ఇప్పుడు రత్నమాల. అందరం గట్లనే పిలుస్తున్నం."

రత్నమాల లోపలి అర్రలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కండ్లు తెరిచే ఉన్నాయి. "అత్త వచ్చింది బిడ్డా" అని వదినె అంటే తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు, బిడియం లేదు, సంతోషమూ లేదు. మళ్లీ గోడవైపు తిరిగింది. జుట్టు అట్టలు కట్టి ఉంది.

"బతుకమ్మకు గూడ లేవలే," అంది వదినె, అన్నం వడ్డిస్తూ. "తంగేడు నేనే తెచ్చిన, నేనే పేర్చిన. వాకిట్ల ఆడోళ్లందరు పాడుతుంటె లోపట గిట్లనే పండుకున్నది. ఏడుస్తలేదు. అలుగుతలేదు. తినుమంటె రెండు బుక్కలు తింటది, చాలంటది. ఇప్పుడు చాలని గూడ అంటలేదు. చెయ్యి అడ్డం పెడుతున్నది."

"ఎవరికన్న చూపెట్టిండ్రా అక్కా?" అని ఆయన అడిగారు.

"చూపెట్టనోళ్లు ఎవరున్నరు? గాలి సోకిందన్నరు, కోడిని దిగదుడిచిన. దిష్టన్నరు, మిరపకాయలు కాల్చిన. తాయెత్తు కట్టిన. హకీం సాబు నాడి పట్టి చూసి, ఇది పెయ్యి రోగం కాదమ్మా, పిల్ల దిల్లు ఆరిపోయింది అన్నడు. గుల్కందు ఇచ్చిండు. పొద్దుటెండల కూసోబెట్టుమన్నడు, నడిపియ్యుమన్నడు, గట్టిగ మాట్లాడొద్దన్నడు, నవ్వియ్యుమన్నడు." వదినె గరిట గిన్నెలో పెట్టింది. "ఎండల కూసోబెడితె కూసుంటది. నడిపిస్తె నడుస్తది. నవ్వుడెట్ల నేర్పుత మరదలా? ఇంట్ల ఎవరికి నవ్వొస్తున్నది గనుక?"

ఆమె భర్త ఎంకయ్య అన్న తల వంచుకుని తింటున్నాడు. చెరువు కింద పొలం ఆయనది. పొట్టకొచ్చిన వరిని పందుల నుంచి కాయడానికి రోజూ పోతాడు. "నేను తెల్లారి ఇంట్లకెళ్లి పోంగ దాని మొకం జూస్త," అన్నాడు. "మాపటికి వచ్చి జూస్త. అదే మొకం ఉంటది."

మరునాడు పొద్దున్నే నేను పని మొదలుపెట్టాను. హకీం చెప్పినవన్నీ నాకు సరిగ్గానే ఉన్నట్టు తోచాయి. కాలేజీలో మాకు ఆరోగ్యశాస్త్రం చెప్పిన టీచరమ్మ కూడా ఎండ, గాలి, నడక, మంచి తిండి, కలుపుగోలు మాట అనే చెప్పేది. వదినె అలిసిపోయి చేసింది, నేను హుషారుగా చేస్తాను, అంతే తేడా అనుకున్నాను. అయినా కొత్త పెండ్లికూతురికి అసాధ్యమైంది ఏముంటుంది?

పిల్లను వాకిట్లో ఎండలో కూర్చోబెట్టి తలకు ఆముదం రాశాను. చిక్కులు తీయడానికి పొద్దంతా పట్టింది. ఒక్క చిక్కు విడిపోయినప్పుడల్లా నాకు పండగే. ఆయన పొలం గట్టు నుంచి సరస్వతి ఆకు తెచ్చారు. అది తెలివికీ మనసుకీ మంచిదని పచ్చడి నూరాను. పచ్చడి ఎంత బాగా కుదిరిందంటే పిల్ల ముట్టకపోతే మేమిద్దరమే గిన్నె ఊడ్చేశాం. సీతాఫలం ఒలిచి ఒక్కో గింజా నోటికి అందించాను. ఒక్క గింజ చప్పరించి ఊసింది. "తిన్నది వదినె, తిన్నది!" అని నేను వంటింట్లోకి పరుగెత్తాను. వదినె నవ్వలేదు కాని, నా చెంప మీద చెయ్యి వేసి, "నువ్వు ఉండు పిల్లా ఇంకొన్ని దినాలు," అంది.

పాటలు పాడాను. కాలేజీలో ఒక టీచరు నడిచే తీరు నడిచి చూపించాను. ఆయన కోతిలా గెంతారు. పెద్ద మనిషి, బడిలో పంతులు, అక్క వాకిట్లో కోతిలా గెంతుతుంటే నాకు కడుపునొప్పి వచ్చేంత నవ్వొచ్చింది. పిల్ల మా ఇద్దరినీ ఓపిగ్గా చూసింది. చూడమన్నాం గనుక చూసింది. పొమ్మంటే పోయి పడుకుంది.

అలా రోజులు గడుస్తుంటే నా హుషారు కూడా బరువెక్కింది. ఒక మధ్యాహ్నం పిల్ల పక్కన చాప మీద కూర్చుని ఉన్నాను. ఇక ఏ మాటా దొరకలేదు. పాటా గుర్తు రాలేదు. వదినె కూడా మా పక్కనే వచ్చి ఒరిగింది.  వదినె మొహం ఎందుకలా అయిందో ఆ మధ్యాహ్నం నాకు కొంచెం అర్థమైంది.

ఆ సాయంత్రం పిల్లను ఎప్పుడూ పోయే చెరువు వైపు కాక బజారు వైపు నడిపించాను. గాజుల దుకాణం చూపిద్దామని నా ఆలోచన. కచేరీ దాటి సందు మళ్లేచోట ఏదో చప్పుడు వినిపించింది. టంగు, టంగు, టంగు. దూది ఏకే చప్పుడు. అది నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. చలికాలం ముందు ఇంటింటా పాత పత్తిని మళ్లీ ఏకించి రజాయిలు నింపుకునే రోజులు అవి.

"అగో, దూదేకుతున్నరు. చూద్దాం రా," అన్నాను.

పిల్ల చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. నిలబడిపోయింది.  తర్వాత నా చెయ్యి విదిలించుకుని ఇంటివైపు నడిచింది. నేను దాదాపు పరుగెత్తాల్సి వచ్చింది. ఇన్ని రోజుల్లో ఆ పిల్ల తనంతట తాను చేసిన పని అదొక్కటే. ఇంటికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది.

వదినె పెసర్లు చెరుగుతోంది. జరిగింది చెప్పాను. చాట ఆగిపోయింది.

"ఆ సందుకెందుకు పోయినవే?"

"ఏముంది వదినె ఆ సందుల?"

వదినె పెసర్లలో రాళ్లు ఏరుతూ చెప్పింది.

నలుగురు పోయాక, అయిదోది పుట్టిన నాడే వదినె అత్త ఒక పని చేయించింది. ఇక్కడ అందరూ చేసేదే. పుట్టిన పిల్లను పెంటకుప్ప మీద పడుకోబెట్టారు, అంటే ఈ పిల్ల మాకు అక్కరలేదని. బిడ్డలు లేని దూదేకుల నూరున్నీసా వచ్చి చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంది. తవుడుకు వచ్చింది గనుక తవుటవ్వ అని పేరు పెట్టారు. ఇంత అగ్గువకు పోయిన పిల్ల వైపు మృత్యువు కన్నెత్తి చూడదని నమ్మకం. పాలు తాగింది, రాత్రి పడుకున్నది వదినె దగ్గరే. కాని పిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచి నూరున్నీసాను అవ్వ అని పిలవమన్నారు. కన్నతల్లిని దేవక్కా అని పిలవమన్నారు. పిల్ల అట్లాగే పిలిచింది. పొద్దస్తమానం ఆ దూదేకే ఇంట్లోనే పెరిగింది. మాపటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా దూది ఉండేదట.

"మరి ఇప్పుడేమైంది?"

"నాగిరెడ్డిపేట నుంచి సంబంధం మాట వచ్చింది. కన్యాదానం చెయ్యాలంటె కన్య మనదయి ఉండాలె గద. మన దగ్గర లేని పిల్లను ఎట్ల ఇస్తం? శ్రావణంల తిరిగి కొనుక్కున్నం. చాటెడు తవుడు, ఒక చీర ఇచ్చినం. రత్నమాల అని పేరు పెట్టినం. తిరిగి కొనుక్కున్న పిల్ల మళ్ల ఆ గడప తొక్కొద్దు. ఆమెను అవ్వ అనొద్దు, నన్ను దేవక్కా అనొద్దు. ఇద్దరు తల్లుల పిల్ల ఎవ్వరికి దక్కదని మా అత్త చెప్పి చెప్పి పోయింది."

 "వదినె, పిల్లకు వచ్చిన జబ్బు ఇదే! దాని అవ్వను దానికి దూరం చేసిండ్రు. రేపే పంపుదాం. ఇవన్ని వట్టి నమ్మకాలు, కాలేజీల మా టీచరమ్మ..."

వదినె చాట కింద పెట్టింది. గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"నువ్వు ఇంటరు సదివినవు. నేను నలుగురిని బొందపెట్టిన. ఈ ఒక్కటి బతికింది ఆ తవుడుతోనే. కాదంటవా? అను. నువ్వన్నట్టు చేసినంక పిల్లకు ఏమన్న అయితె, మీ టీచరమ్మ వచ్చి ఇస్తదా నాకు?"

నేల మీద చెదిరిన పెసర్లు ఏరి చాటలో వేశాను. 

పెరట్లో బావి దగ్గర ఆయనతో చెప్పుకుని ఏడ్చాను. ఆయన నా ముక్కు తన ఉత్తరీయంతో తుడిచారు. "మా అక్కతోని వాదిచ్చి గెలిచినోడు లేడు. మా బాపే ఓడిండు," అన్నారు. "నువ్వు తప్పనలే. కాని భయం ఆమెది. ఆమె భయం ఆమెనే పక్కకు పెట్టాలె. మనం గుంజుకుంటె రాదు."

ఆ మరునాడు పిల్ల జావలా కాచిన జొన్న గట్క కూడా ముట్టలేదు. ఆ పై రోజు నీళ్లు కూడా పెదవి తడిపి వదిలింది. వదినె ఒక చెంచా, నేను ఒక చెంచా, ఎంకయ్య అన్న పొలం మాని వచ్చి ఒక చెంచా. పాలు పెదవుల పక్క నుంచి కారిపోయాయి. మణికట్టు మీద తాయెత్తు వదులై మోచేతిదాకా జారుతోంది. వదినె దాన్ని పైకి జరుపుతుంది, అది మళ్లీ జారుతుంది. అట్లా ఎన్నిసార్లు జరిపిందో. చివరికి దాన్ని అట్లాగే వదిలేసి, పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చుంది. నలుగురు పోయినప్పుడు కూడా ఆమె ఇట్లాగే కూర్చుని ఉంటుంది కాబోలు అనిపించింది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

తెల్లవారి లేచేసరికి వదినె అటక మీద ఉంది. పాత రజాయిలు ఒక్కోటి కిందికి పడేస్తోంది. దుమ్ము లేచి ఎంకయ్య అన్న తుమ్ముతున్నాడు.

"ఏందే పొద్దుగాల?"

"పత్తి గడ్డ కట్టింది. ఏకియ్యాలె. నూరున్నీసాను పిలువు పో."

"చలి ఏడున్నదే ఇంక?"

"వస్తది. రాకుంట యాడికి పోతది? పో."

ఎంకయ్య అన్న నోరు తెరిచి నిలబడ్డాడు. వదినె అటక మీద నుంచి దిగి, కొంగు దులుపుకుని, నావైపు చూసింది. కండ్ల కింద నల్లగా ఉంది.

"పిల్ల ఆమె గడప తొక్కొద్దన్నరు. దూదేకుటామె నా గడప తొక్కొద్దని ఎవరన్లే," అంది. "పనికి వస్తది. పని చేసుకోని పోతది. అంతే."

ఆమె ఒక రజాయి అంచు పట్టి లాగింది. నేను పోయి రజాయి ఇంకో అంచు పట్టుకున్నాను.

నూరున్నీసా వచ్చింది. ఎత్తైన, బరువైన మనిషి. మగడు పోయినప్పటి నుంచి ఆయన విల్లు తనే పట్టి దూది ఏకుతోందట. భుజం మీద ఆ విల్లు, చేతిలో కొయ్య గుండు. వాకిలి బయటే ఆగింది.

"దేవక్కా, లోపటికి రావాల్నా, ఈడ్నే కొట్టాల్నా?"

"బాటల కొడితె నా పత్తి ఊరందరు ఎత్తుకపోతరు. లోపటికి రా."

"నీ పత్తి ఎవరెత్తుకపోతరు? మీ అత్త కాలం నాటిది. దీన్ల ఎలుకలు గూడ కాపురం చెయ్యవు."

మాటలు గట్టిగానే ఉన్నాయి కాని ఆమె లోపలి అర్రవైపు కన్నెత్తి చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత కష్టంగా ఉందో ఆమె మెడ చూస్తే తెలిసింది. కొట్టం దూలానికి విల్లు వేలాడదీసి, పాత పత్తి కుప్ప ముందు కూర్చుని గుండుతో నారి మీద కొట్టింది. టంగు. ముద్దలు ముద్దలుగా ఉన్న పత్తి నారికి తగిలి తునకలై లేచింది. ఇంకా లేచింది. కాసేపటికి కొట్టమంతా తెల్లటి నురుగులా అయింది. ఆయన అక్కడే నిలబడి చూస్తుంటే మీసాల మీద, తల మీద దూది పడి డెబ్బై ఏళ్ల తాతలా అయిపోయారు. నాకు నవ్వు ఆగలేదు. అంత దిగుల్లోనూ నవ్వొచ్చినందుకు సిగ్గుపడి వంటింట్లోకి పోయాను.

అక్కడ నుంచే చూశాను. పిల్ల లేచింది.

గోడ పట్టుకుని వచ్చి కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. నూరున్నీసా వీపు పిల్లవైపు ఉంది. విల్లు చప్పుడులో ఆమెకు తెలియలేదు. వదినె చూసింది. కదలలేదు. 

"తవుడుకు ఇచ్చినవు," అంది పిల్ల.

వారాల తరబడి వాడని గొంతు, బొంగురుగా ఉంది. గుండు గాల్లో ఆగిపోయింది. నూరున్నీసా మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏందీ?"

"నన్ను. చాటెడు తవుడుకు ఇచ్చినవు. చీర గూడ తీస్కున్నవు." పిల్ల గుంజను గట్టిగా పట్టుకుంది. "నవ్వినవు గూడ. నవ్వుకుంట పోయినవు. ఎన్కకు చూడలే."

నూరున్నీసా వదినె వైపు చూసింది. చెప్పవచ్చా అన్న చూపు అది. ఆ చూపులో నాకు మొత్తం అర్థమైంది. పిల్లను తిరిగి ఇచ్చే మనిషి ఏడవకూడదు. ఏడిస్తే పిల్లకు కీడు. నవ్వుతూ ఇవ్వాలి, వెనక్కి చూడకుండా పోవాలి. పద్ధతి అది. పెద్దవాళ్లందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"యా అల్లా," అంది నూరున్నీసా. 

వదినె లేచింది. ఆ కొన్ని అడుగులు నడవడానికి ఆమెకు చాలాసేపు పట్టినట్టు అనిపించింది. పిల్ల ముందు దూదిలో కూర్చుంది.

"నవ్వుమన్నది నేను," అంది. "ఆమె ఏడుస్తుంటె, వాకిట్ల ఏడువకు, నా బిడ్డకు కీడు, నవ్వుకుంట పో అని చెప్పింది నేనే. ఎన్కకు చూడకుమన్నది నేనే. తవుడు కొలిచింది నేను. ఆమె ఇయ్యలే నిన్ను. నేను గుంజుకున్న."

పిల్ల ఆమెనే చూస్తోంది.

"కోపం నా మీద చెయ్యి. ఆమె మీద ఎందుకు?"

పిల్ల వంగి గుప్పెడు దూది తీసి బలమంతా పెట్టి వదినె మీదికి విసిరింది. అది ఏకిన దూది. మధ్యలోనే ఆగి, మెల్లగా దిగి, ఎవరికీ తగలకుండా నేల మీద వాలింది. పిల్ల ఇంకో గుప్పెడు విసిరింది. అదీ అంతే. కోపానికి కూడా బరువు లేకపోయిందని పిల్ల ఒక్కసారిగా బోరుమంది.

"ఏకింది విసురుతరా పిచ్చిదానా," అంది నూరున్నీసా, ముక్కు తుడుచుకుంటూ. "ఏకంది విసురు. ఆ కుప్పలది. అది తగుల్తది."

పిల్ల గడ్డ కట్టిన పాత పత్తి తీసి విసిరింది. వదినె భుజానికి తగిలింది.

"ఇంకోటి," అంది వదినె, కదలకుండా.

ఇంకోటి విసిరింది. ఇంకోటి. ఏడుస్తూనే విసిరింది. చివరికి చేతుల్లో సత్తువ లేక అక్కడే కూలబడింది. అన్ని రోజుల నుంచి తిండి లేని పిల్ల. ఎంకయ్య అన్న పరుగెత్తబోతే వదినె చెయ్యి అడ్డం పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. వెక్కిళ్లు నెమ్మదించాయి.

"దేవక్కా," అంది పిల్ల. "దూపయితున్నది."

నేను వదినె మొహం చూశాను. శ్రావణం నుంచి ఆ పిలుపు ఇంట్లో ఎవరూ వినలేదు. అది అనకూడని పిలుపు. దిద్దుతుంది అనుకున్నాను. వదినె తల ఎత్తి కొట్టం కప్పు దాటి ఆకాశంలోకి చూసింది, అక్కడెవరో వింటున్నట్టు. తర్వాత లేచి పోయి కుండలోంచి నీళ్లు ముంచుకొచ్చింది.

"తాగు తవుటీ," అంది.

తవుటి చెంబెడు నీళ్లు తాగింది. కొంచెం గట్క తాగింది. అందులో సగం నూరున్నీసా మోకాలికి ఆనుకుని, దూది ఏకుతుంటే చూస్తూ తాగింది. ఆమెను అవ్వ అనలేదు. ఏమనీ పిలవలేదు. ఆమె కూడా అడగలేదు. "కాళ్లు తీయే, దూదిల పెడుతున్నవు" అని తిడుతూ ఉంది. సాయంత్రం ఎంకయ్య అన్న నాగిరెడ్డిపేటకు పోయే బస్సు దగ్గరికి పోయి, సంబంధపు మాట వచ్చే ఏడు చూద్దామని చెప్పి పంపి వచ్చాడు. వదినె ఎందుకని అడగలేదు. నింపిన రజాయిల మీద వాలి, వంట కూడా చేయకుండా పొద్దుండగానే నిద్రపోయింది. ఆమె లేవకూడదని నేనే పొయ్యి ముట్టించాను. పప్పు మాడింది. మాడిన పప్పు కూడా ఆ రోజు రుచిగానే ఉంది.

మరునాడు మేం కామారెడ్డికి బయలుదేరాలి. పొద్దున లేచి చూస్తే తవుటి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "లే తల్లీ" అంటే లేవలేదు.  జబ్బు ఒక్క రోజుతో పోతుందనుకున్నాను నేను. వదినె అనుకోలేదు. పిల్ల పక్కన కూర్చుని చూసింది. లెమ్మని అనలేదు.

"ఒక్క తీర్గ ఉండదు," అంది బయటికి వచ్చి. "పోతది, వస్తది. ఇన్ని దినాలు పట్టింది ఒక్క దినంల ఎట్ల పోతది?" కొట్టంలోకి చూసింది. రజాయిలన్నీ నిండి, కుట్టి, మడత పెట్టి ఉన్నాయి. "నూరున్నీసాను పిలువనీకి ఇంట్ల ఇంక ఇప్పి ఏకిచ్చేది ఏం లేదు మరదలా. ఏమని పిలువాలె?"

కామారెడ్డి నుంచి తెచ్చుకున్న మా పక్కబట్టలు అప్పుడే చుట్టి పెట్టాను. అందులో మా అమ్మ పెండ్లికి కుట్టించి ఇచ్చిన రజాయి ఉంది. ఎర్రటి పువ్వుల గుడ్డ, అంచుకు ఆకుపచ్చ కుట్టు. కుట్టి ఏడాది కాలేదు. తాడు విప్పి దాన్ని తీసి ఆమె ముందు వేశాను.

"ఇది ఇప్పు."

"కొత్తది గదనే! మీ అవ్వ కుట్టిచ్చింది."

"గడ్డలు కట్టింది వదినె. ఈపుకు గుచ్చుకుంటున్నది."

గడపలో నిలబడ్డ ఆయన నోరు తెరిచారు. అంత మెత్తటి రజాయి తన జన్మలో కప్పుకోలేదని ఆయనే అంతకు ముందు రాత్రి అన్నారు. నేను కళ్లెర్ర చేశాను.

"అవునక్కా," అన్నారు ఆయన తొందరగా. "చానా గుచ్చుకుంటున్నది."

వదినె నావైపు చూసింది, తమ్ముడివైపు చూసింది. ఒక్క ముక్క నమ్మలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, కూర్చుని, రజాయి ఒళ్లోకి లాక్కుని, అంచున కుట్టు ఎక్కడ మొదలైందో వెతికి, పండ్లతో పట్టి తెంపింది.